ఎనభైకి ఇరవై తోడైతే

ఈజిప్టులోని దమన్‌హూర్‌లో రైలు గేటు పక్కన షహాతా జిరాక్సు కొట్టు. పొద్దున పదిన్నర. కొట్లో షహాతా, అతని అన్న కూతురు నజ్లా.

"‘నా అజ్ఞానంతో నాలుగు వందల మంది విలువైన కాలాన్ని పాడుచేశాను.’ టైపు కొట్టావా బాబాయ్?"

"కొట్టాను. అజ్ఞానం అనే మాట కొంచెం లావుగా వెయ్యనా? చూడ్డానికి నిండుగా ఉంటుంది."

"ఆటలొద్దు. తర్వాతి లైను. ‘ఎనభై డిగ్రీల నీళ్ళూ ఇరవై డిగ్రీల నీళ్ళూ సమంగా కలిపితే తొంభై డిగ్రీలవుతాయని ఒప్పుకుంటున్నాను.’"

"ఒప్పుకుంటున్నావా?"

"లేదు."

"మరి?"

"నువ్వు కొట్టు బాబాయ్. అది మైకులో చదివితేనే మా కెమిస్ట్రీ ఉస్తాద్ బహ్‌గత్ నా ట్యూషన్ కార్డు తిరిగిస్తానన్నాడు. గురువారం ఆయన ఆఖరి రివిజన్. ఆదివారం కాలేజీ సీట్లు తేల్చే సానవియ్యా పరీక్ష. కార్డు లేకపోతే ట్యూషన్ హాల్లోకి రానివ్వరు. ఆ రివిజన్ పోతే ఇక ఫార్మసీ కాలేజీ మొహం చూడనట్టేనని అమ్మ రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు."

"ఎవరు, మా వదినా? నిన్న నా చేతిలోంచి నాలుగు తామియా వడలు లాక్కుని తిన్నది ఎవరు మరి?"

"బాబాయ్."

"సరే, సరే. ఇంతకీ నువ్వన్నదేంటి? మీ అమ్మ చెబుతుంటే నువ్వాయన మీసం పీకావేమో అనుకున్నాను."

"లేచి నిలబడ్డాను. ‘ఉస్తాద్, వేడినీళ్ళలో చన్నీళ్ళు పోస్తే చల్లారాలి గదా, యాభై రావాలి గదా’ అన్నాను. అంతే. పుస్తకంలో తొంభై అనుంది, పుస్తకం కంటే నువ్వు పెద్దదానివా అని కార్డు లాక్కున్నాడు. నేను గడప దాటకముందే నాలుగు వందల మంది చేత చప్పట్లు కొట్టించి రోజూ పాడించే పాట ఎత్తించాడు. ‘ఎనభైకి ఇరవై తోడైతే, తొంభై తొంభై తొంభై.’"

"రాగం ఎలా ఉంది?"

"నీకు నవ్వులాటగా ఉంది. బాబాయ్, ఒక్క మాట. ఆ పుస్తకం టైపు చేసింది నువ్వే గదా. అంకె ఏమన్నా తప్పు పడిందేమో..."

"టీ తాగుతావా? పుదీనా వేయించనా?"

"అంకె ఏమన్నా..."

"ఈ యంత్రం వయసెంతో తెలుసా నీకు? నీకంటే రెండేళ్ళు పెద్దది. నీకంటే తక్కువ మాట్లాడుతుంది. అడుగో, మీ కెమిస్ట్రీ ఫరో రానే వస్తున్నాడు. మొహం తుడుచుకో."

"అస్సలాము అలైకుం షహాతా. ఇదిగో, ఆఖరి రివిజన్‌కి కొత్త పుస్తకం. నలభై పేజీలు. రేపటికల్లా కావాలి. అట్ట మీద నా ఫోటో పెద్దగా పడాలి. తెల్లకోటుది."

"చేతిలో ఎర్ర సీసా ఉన్నదేనా ఉస్తాద్ గారూ? అందులో పోసిన కర్కదే షర్బత్తు ఫోటో అయ్యాక నేనే తాగాను. పంచదార తక్కువైంది."

"పిల్లల ముందు ఆ మాటలు... ఈ పిల్ల ఇక్కడేం చేస్తోంది?"

"మా అన్న కూతురండీ. క్షమాపణ కాగితం వేయించుకుంటోంది."

"మంచిది. బుద్ధొచ్చిందన్నమాట. మీ పిల్లే అని నాకు తెలీదు షహాతా. తెలిసినా అదే పని చేసేవాణ్ణి. హాల్లో ఒకరు ప్రశ్న అడిగారంటే వంద మందికి అనుమానం పట్టుకుంటుంది. అనుమానం పట్టుకుంటే మార్కులు పోతాయి. కెమిస్ట్రీ అంటే అదే."

"అంతే, అంతే. నేను చదివింది తొమ్మిదో క్లాసు. కాపీలు తీసింది మాత్రం డాక్టరేటు దాకా. నాకూ ఒక అనుమానం ఉంది ఉస్తాద్ గారూ. అడగొచ్చా? నాకెలాగూ పోవడానికి మార్కులు లేవు."

"అడుగు."

"ఇది మీకోసం తెప్పించిన టీ. సలసలా కాగుతోంది. ఇవి కుండలో నీళ్ళు. ఇదిగో, సగానికి సగం పోశాను. ఇప్పుడు వేలు పెట్టండి."

"ఏంటిది షహాతా?"

"పెట్టండి. మీ లెక్క ప్రకారం వేలు బొబ్బలెక్కాలి. భయం లేదు, పక్కనే మందుల కొట్టుంది."

"గోరువెచ్చగా ఉంది."

"అయ్యో. మరి ఆ తొంభై ఎటు పోయింది?"

"ఇది గ్లాసయ్యా. గ్లాసులో జరిగేది వేరు, పరీక్షలో జరిగేది వేరు. పరీక్షలో ఏమవుతుందంటే, వేడి కణాలు వెళ్ళి చల్లని కణాలకి తగుల్తాయి. తగిలేసరికి రెండింటికీ ఉత్సాహం పుడుతుంది. ఆ ఉత్సాహమే... నీకు చెప్పినా ఎక్కదు."

"ఎందుకెక్కదూ. మా అన్న పెళ్ళిలో అట్లాగే పుట్టింది ఉత్సాహం. వారం తిరక్కుండా చల్లారింది."

"బాబాయ్, ఆ పెళ్ళి మా అమ్మతోనే."

"అందుకే సాక్ష్యం చెబుతున్నాను."

"చాలు, చాలు. అమ్మాయీ, కాగితం పట్టుకుని గురువారం రా. మైకు దగ్గర నిలబడి గట్టిగా చదవాలి. మూడుసార్లు."

"మూడుసార్లా ఉస్తాద్?"

"మొదటిసారి వెనక బెంచీల వాళ్ళకి వినబడదు. రెండోసారి వింటారు. మూడోసారికి నేర్చుకుంటారు."

"సరే ఉస్తాద్. చదువుతాను. మూడుసార్లూ చదువుతాను. నాకు కార్డు ఇప్పించండి చాలు."

"ఆగు తల్లీ."

"వదిలెయ్ బాబాయ్. తొంభయ్యే. తొంభై అనే చెబుతాను. నాలుగు వందల మందికి రాని అనుమానం నాకెందుకు వచ్చింది? నాకే బుర్ర సరిగ్గా లేదేమో."

"ఏడవకు. ఏడవకంటుంటే. నజ్లా, ఆ పై అరలో నీలం ఫైలుంది, అందుకో. దుమ్ము చూసుకో. ఉస్తాద్ గారూ, మీరు నాకిచ్చిన ఆ పుస్తకం చేతిరాత అందులోనే ఉంది. మీరు రాసిన కాగితం నేనెప్పుడూ పారెయ్యను. పవిత్రం కదా."

"అదెందుకిప్పుడు?"

"తొంభై మీరే లెక్క కట్టి రాశారు గదా?"

"నేను రాయందే పుస్తకంలోకి ఎలా వస్తుంది?"

"అట్లాగే అనండి. తల్లీ, ముప్పై ఆరో పేజీ తీసి చదువు."

"‘కాబట్టి కలిపిన నీళ్ళ వేడి... యాభై డిగ్రీలు.’ యాభై. బాబాయ్, యాభై అనే రాశారు."

"ఏదీ, ఇటివ్వు. నా రాతే. యాభై. చూశావా షహాతా, నా చేతిలో తప్పు దొర్లదు."

"మరి ఉస్తాద్, మూడు వారాల నుంచి తొంభై తొంభై అని పాడిస్తున్నారే?"

"అచ్చులో అలా ఉంది గదమ్మా. అచ్చయినదాన్ని కూడా నమ్మకపోతే ఇంక చదువెందుకు? ఆగాగు. షహాతా, నేను యాభై రాస్తే అచ్చులోకి తొంభై ఎలా వచ్చింది?"

"వచ్చింది."

"ఎలా వచ్చింది?"

"నేనే వేశాను."

"కన్ను మసకేసిందా?"

"చూసే వేశాను. ఏటా మీ పుస్తకంలో ఒక్క అంకె మారుస్తాను ఉస్తాద్ గారూ. ఒక్కటంటే ఒక్కటే. పిల్లలు చదువుతున్నారా, పాడుతున్నారా అని చూద్దామని. ఆరేళ్ళ నుంచి చూస్తున్నాను, పాడుతూనే ఉన్నారు. ముందటేడు నీళ్ళు నూట నలభైకి మరుగుతాయని వేశాను. మీరు దానికీ పాట కట్టారు."

"నూట నలభై... అది నీ పనా?"

"పాట మీదే."

"అంటే బాబాయ్, నన్ను హాల్లోంచి గెంటించింది నువ్వా?"

"పట్టుకునే పిల్ల మనింట్లోనే ఉంటుందని నాకేం తెలుసు తల్లీ."

"ఆ నూట నలభై పరీక్షలో వచ్చుంటే బాబాయ్? ఎంతమంది పిల్లల గొంతు కోసేవాడివి?"

"రాలేదుగా."

"వచ్చుంటే?"

"తప్పే. ఇంక చెయ్యను. మీ అమ్మ మీద ఒట్టు."

"మీ అమ్మ మీద వెయ్యి."

"షహాతా, నువ్వు ఊరికే ఒట్లు వేస్తే సరిపోదు. గురువారం నువ్వు రావాలి. మైకు పట్టుకోవాలి. ‘పుస్తకంలో ఉన్న తప్పులన్నీ నావే, ఉస్తాద్ బహ్‌గత్ రాతలో మచ్చ కూడా లేదు’ అని చెప్పాలి. నాలుగు వందల మంది వినాలి."

"వస్తే మా పిల్ల కార్డు?"

"కార్డేంటి, మొదటి వరుసలో కుర్చీ వేయిస్తాను. తప్పు పట్టిన పిల్ల. నా శిష్యురాలు. ఇదిగో అమ్మాయీ, నీ కార్డు. నా జేబులోనే ఉంది."

"నిజంగానా ఉస్తాద్?"

"నేను అబద్ధం చెబుతానా? పుస్తకంలో నీకు కనబడ్డ ప్రతి తప్పూ మీ బాబాయి వేలి చలవే. ఆ మాట నేనే మైకులో ప్రకటిస్తాను."

"హమ్మయ్య. అయితే మిగతా ఆరూ కూడా చెప్పెయ్యొచ్చు."

"ఏ ఆరు?"

"పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను. ఒక్కటి అడిగితేనే గెంటేశారు, ఇంక వీటికి నోరెత్తలేదు. పన్నెండో పేజీ, బెలూన్‌ని ఐసులో పెడితే రెండింతలు ఉబ్బిందని ఉంది. పంతొమ్మిదిలో ఉప్పునీళ్ళలో ఇంకో లీటరు నీళ్ళు పోస్తే ఇంకా ఉప్పెక్కాయట."

"షహాతా పనే. రాసుకో."

"ఇరవై ఏడులో ఐసుగడ్డ కరుగుతూ చుట్టూ వేడి పుట్టిస్తుందట. ముప్పై మూడులో సమతాస్థితి లెక్క. పాత్రలో వేసింది రెండు గ్రాములు, చివర్లో మిగిలింది ఐదు గ్రాములు."

"అన్నీ ఈయనవే. చూశావా ఎంతకి తెగించాడో."

"ఇంకా నలభై ఒకటి, నలభై నాలుగు. కానీ బాబాయ్, ఏటా ఒక్కటే మారుస్తానన్నావు గదా. ఈసారి ఏడు మార్చావా?"

"ఫైలు నీ చేతిలోనే ఉంది తల్లీ. పన్నెండో పేజీ తియ్యి. తర్వాత పంతొమ్మిది తియ్యి. నేను మార్చింది ఆ తొంభై ఒక్కటే. మిగతా ఆరూ ఉస్తాద్ గారు ఎట్లా రాశారో అట్లాగే, పొల్లు పోకుండా వేశాను."

"షహాతా, ఆ ఫైలిటివ్వు. అమ్మాయీ, అది ఇటివ్వమ్మా. నేను బండి ఎక్కాలి, హాల్లో పిల్లలు..."

"ఆగండి ఉస్తాద్. బాబాయ్, నా క్షమాపణ కాగితం ఇంకా యంత్రంలోనే ఉందా?"

"ఉంది."

"ఆ తొంభై లైను కొట్టెయ్యి. కింద నా పేరు తీసేసి ఉస్తాద్ గారి పేరు పెట్టు. ఆ అజ్ఞానం, నాలుగు వందల మంది, విలువైన కాలం, అవన్నీ అట్లాగే ఉంచు."