గ్లాసు తొలిచినవాడు

అసలు నీకెందుకంత శుభ్రం? ఇందాక భోజనాల దగ్గర నీళ్ళు తాగావు, బాగుంది. గ్లాసు అక్కడ పెట్టేసి లేవొచ్చు కదా. మిగిలిన నీళ్ళతో దాన్ని తొలిచి, సింకులో పారబోసి, పైగా నా వైపు చూసి నవ్వుతావా? మా అన్నయ్య చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

మెల్లగా మాట్లాడు. ఈ గదిలో పంపు మోగుతున్నంతసేపే మన మాటలు బయటికి వినబడవు.

ఈ పేటలో పుట్టినవాడెవడూ నీళ్ళు పారబోయడు. పసిపిల్లలు కూడా గ్లాసు బోర్లించి ఆఖరి చుక్క నాలుక మీద దులుపుకుంటారు. మా ఇంట్లో మరీను. జలశాఖ పైపుకి దొంగ బెజ్జం పెట్టి, వీధివీధికీ నీళ్ళమ్ముకుని బతికే కుటుంబం మాది. చుక్క ఒలికితే నాకే మొట్టికాయ పడుతుంది. కుళాయి తిప్పగానే ధార కట్టేది ఈ పేట గోడ అవతలే, ఆ శాఖవాళ్ళ క్వార్టర్లలో. నువ్వు అక్కడివాడివన్నమాట. పని వెతుక్కుంటూ వచ్చిన దిక్కులేని ప్లంబరువి కాదన్నమాట.

అదిగో, మళ్ళీ ఆ అమాయకపు మొహం. ఎవరి దగ్గర బాబూ? పానా తలకిందులుగా పట్టుకుంటే సరిచేసి ఇచ్చింది నేను. పాపం, నన్ను చూసి కంగారుపడుతున్నాడు అనుకున్నాను. ఎంత గొప్పగా ఊహించుకున్నానో చూడు నన్ను నేను.

అన్నయ్య లేచాడు. గూఢచారుల్ని మావాళ్ళు కొట్టరు, తిట్టరు. ఎండిన ట్యాంకులోకి దింపి మూత బిగిస్తారు, అంతే.

అందుకే పకపకా నవ్వాను. "నేనే పందెం కాశాను నాన్నా, నీ ఎదురుగా గ్లాసు తొలిచే దమ్ముందా అని. నీకు కాబోయే అల్లుడికి ఆ మాత్రం ధైర్యం ఉండొద్దా?" అన్నాను. అన్నయ్య నమ్మలేదు. నాన్న నన్నే చూస్తూ, "అయితే రేపే పెళ్ళి. ఆపైన అబ్బాయి ఈ గడప దాటడు" అన్నాడు.

నిన్నటిదాకా ఈ మాట వింటే ఎగిరి గంతేసేదాన్ని.

ఇదిగో పానా. ఆ ఇనప మూత విప్పితే పాత గొట్టం ఉంది, వంగి నడిస్తే గోడ అవతల తేలుతావు. లేదా ఉండిపో. మీవాళ్ళ పైపులకి బెజ్జాలు పెడుతూ నా పక్కనే ముసలాడివైపో. బతిమాలను. దొంగల పిల్లనైనా కాస్త పరువుంది.

నేనూ రావాలా? వచ్చి మీ అమ్మగారికి గ్లాసులు కడిగిపెట్టనా? వెళ్ళగానే మా నాన్న ఎక్కడుంటాడో చెప్తావు నువ్వు. చెప్పవా? అబద్ధమాడినప్పుడల్లా నీ కుడి చెవి ఎర్రబడుతుంది. ఇప్పుడు చూసుకో కావాలంటే.

నన్నేం చేస్తారా? కూతుర్ని కదా, మహా అయితే ఈ గది తాళంచెవి లాక్కుంటారు.

నా చెవుల వైపు చూడకు.

సరే, తేల్చుకున్నట్టున్నావు. పోనీలే. ఎడమవైపు తిప్పు. ఎడమవైపు మేస్త్రీ, అది కుడి.

ఆగు. దారిలో దాహమేస్తుందని ఇచ్చిన గ్లాసులో గుక్కెడు వదిలేశావు. ఇన్నాళ్ళు మా ఇంట్లో తిరిగి ఏం నేర్చుకున్నావసలు? ఇలా ఇచ్చి వెళ్ళు. పారబొయ్యడం నాకు చేతకాదు. నేనే తాగుతాను.