టైరు సైజు

విచారణ గది బయట బల్ల మీద అన్నాచెల్లెళ్లు కూర్చున్నారు. వారం కిందట ఆమె కారు ఒక సైకిలాయన్ని గుద్దింది. ఆయన ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు.

"అన్నయ్యా, కారులో వేగం రాసుకునే పెట్టె ఉంటుందట. అందులో డెబ్బై ఎనిమిది ఉందట. అక్కడ డెబ్బై దాటకూడదు."

"నువ్వు దాటలేదు."

"లారీలు కూడా నన్ను దాటుకుని పోయాయి. కానీ యంత్రం అబద్ధమాడదంటున్నాడు అధికారి. వినీ వినీ నా మీద నాకే నమ్మకం పోతోంది."

"అబద్ధమాడదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో చూసి వేగం లెక్కగడుతుంది, అంతే. పోయిన నెల నీ కారుకి టైర్లు మార్చింది నేనేగా. సరైన సైజు దొరక్క చిన్నవి వేశాను. చిన్న చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది. పెట్టె అదంతా వేగమే అనుకుంది."

"వారం నుంచీ నేను కుమిలిపోతుంటే, ఇప్పుడా చెప్పడం?"

"చెబితే నా షెడ్డు మూయిస్తారు. బండి సమయానికి ఆగకపోవడం కూడా ఆ టైర్ల వల్లేనంటారు. ఏమో, నిజమేనేమో."

"అయితే నోరు విప్పితే నిన్ను ఇరికించినట్టు, విప్పకపోతే నేను ఇరుక్కున్నట్టు."

"నిన్ను పిలుస్తున్నారు."

"సరే, వెళ్తానన్నయ్యా."

"కూర్చో. ముందు నేను వెళ్తాను."

"వదినకి ఏం చెప్పను?"

"భోజనానికి నాకోసం చూడొద్దని చెప్పు."