వంటవోడి బాస

నవ్వకు మావా, నవ్వకు. మొగుడు ఓడ దిగి రానేదని ఏడవాల్సిన ఆడది పుస్తకాలట్టుకుని పలాస బస్సెక్కితే పేట పేటంతా నవ్వింది. ఇప్పుడు ఫొటోలో నీ తెప్పమీద కూకుని నువ్వూ నవ్వుతావేటి?

ఎవరికోసం ఎల్లేననుకున్నావు?

ఓడ కంపెనీవోలు ఏటన్నారు? మీ చిరంజీవి కనిపించట్నేదు, అంతే. సముద్రంలో పడ్డాడో, ఏ రేవులో దిగిపోనాడో తెలీదన్నారు. గడ్డిబొమ్మ కట్టి కాల్చీసి దినం సేసీమన్నారు కులపెద్దలు. మీ యమ్మ నా గాజులకేసే సూసీది. సూసినోడి నోటమ్మట ఇన్నాకే తీత్తానన్నాను. తప్పా?

ఆ సూసినోడు ఒక్కడే. మీ ఓడలో వంటవోడు, ఆఫ్రికా మనిషి. ఆడికి ఫ్రెంచి తప్ప మరో బాస రాదంట. నీతో పన్జేసిన కేరళ కుర్రోడు నెంబరిచ్చి, "ఆయన మీతోనే మాటాడాలంట" అన్నాడు. మరేటి సెయ్యమంతావు?

కాశీబుగ్గలో మేడమీద వేసవి క్లాసులు. ఇంటర్ గుంటలకి మార్కులెక్కువొత్తాయని ఫ్రెంచి సెప్తారు. పొద్దున్న కూకుంటే సాయంత్రందాకా అదే. తెలుగు ముక్క దొర్లితే ప్రమోదిని టీచరు ఊరుకోదు. యానాం మనిషిలే, మంచిదే. వేట ఆపీసిన రోజులు కదా, మగోలు గట్టుమీద వలలు బాగుసేసుకుంతంటే నానెల్లేను.

ఆ గుంటలు హోటల్లో కాఫీ అడగడం, రైలు టిక్కెట్టు కొనడం నేర్చుకునీవోరు. నానేటడిగీదాన్నో తెలుసా? "మునిగిపోనాడు" ఎలాగనాల టీచరుగోరూ? "బతికున్నాడా" ఎలాగనాల? గుంటలు రాతాపీసి నాకేసి సూసీవోరు. ఫోన్లో నే మాటాడి సెప్పనా దుర్గా అంది టీచరు. ఓలమ్మో! నీ సావోబతుకో పరాయి మనిషి సెప్తే ఇంతానేటి?

ఒక్క వేసవికి నోరు తిరగనేదు. ఏడాదంతా జీడిబట్టీలో పిక్కలు కొడతా అయ్యే మాటలు గొణుక్కునీదాన్ని. ఇంకేటి, దుర్గకి గాలి సోకిందన్నారు! మీ యమ్మ భూతవైద్యుడి కాడికి ఈడ్సుకెల్లింది. ఆడు ఏపమండతో బాదతంటే ఫ్రెంచిలో తిట్టేను. ఎవుల్నువ్వని ఆడే బెదిరిపోనాడు. హు, నవ్వు. దీనికి నవ్వు.

రెండో వేసవీ ఎల్లేను. ఇయ్యాల మజ్జాన్నం క్లాసు మద్దిలోనే లేసొచ్చి, ఎస్టీడీ బూత్‌లో కూకుని నెంబరు నొక్కేను.

అన్నీ అర్దమైపోనాయి మావా. సిన్నపిల్లకి సెప్పినట్టు నెమ్మదిగా సెప్పేడు. అర్దం కాకపోతే బాగున్ను.

నువ్వు సముద్రంలో పడనేదు. జొరవొచ్చి, వొణికి వొణికి, ఆడి ఒల్లోనే పోనావు. నడిసముద్రంలో దింపీసేరు. కనిపించట్నేదన్నది కంపెనీవోలు కట్టీసిన మాట.

అక్కడితో ఆగితే ఏడిసీదాన్ని. ఆగనేదు. ఆడు నాతో మాటాడాలన్నది సెప్పడానిక్కాదంట, అడగడానికంట. "ఆకర్ని మీ బాసలో ఒక్క మాటే అడిగేడమ్మా. నాకు తెలీక దుప్పటి కప్పేను. మల్లీ అడిగితే ఇంకోటి కప్పేను. అయినా అడుగుతానే ఉన్నాడు. ఏటడిగేడమ్మా?"

ఆ మాట నాకు పలికి ఇనిపించేడు. రెండేల్లు మర్సిపోకుండా దాసుకున్నాడు. అచ్చం నువ్వన్నట్టే అన్నాడు.

"నీల్లు... నీల్లు..."

ఆడు వంటవోడు మావా! పక్కనే డ్రమ్ముల్నిండా నీల్లుండే ఉంటాయి.

ఏటి సెప్పమంతావు? అవతల ఆ ముసిలోడు ఏడుత్తన్నాడు. దుప్పటి అన్నాను. సలేసి దుప్పటే అడిగేడు, మీరు కప్పీసేరు బాబూ అన్నాను. ఒక్క తప్పు పోకుండా, టీచరు నేర్పినట్టే పలికేను. ఆడు ఏడుపాపి నాకు దణ్ణం సెప్పేడు.

గాజులా? తీసీసేను. అదెంత పని.

ఇదిగో, మీ యమ్మ సెంబుతో నీల్లు తెచ్చి ఇక్కడెట్టింది. మజ్జాన్నం నుంచీ సుక్క గొంతు దిగట్నేదు మావా.