లాంచి మీదికి వచ్చిన చుట్టాలు

గోదావరిఖనిలో గని గేటు ముందు ఇస్మాయిల్ చాయ్ హోటల్ ఉండేది. అక్కడ ఎల్లేశం నోరు తెరిచాడంటే చాయ్ గిన్నె అడుగంటినా మూసేవాడు కాదు. దుబాయిలో ఓ అరబ్బు సేటు దగ్గర చేపల లాంచి మీద పనిచేసి తొంభై రెండులో తిరిగొచ్చాడు. వచ్చి ఏడాదయింది. హోటల్లో ఇంత వాగేవాడు ఇంట్లో పెండ్లాం మల్లక్కతో మాత్రం రెండు ముక్కలు మాట్లాడడు. చూసి చూసి ఆమెకు విసుగొచ్చింది. ఆ రోజు బట్టలు మూటగట్టుకొని, సాయంత్రం కాసిపేట బస్సుకు తల్లిగారింటికి పోతానని కూర్చుంది. ఆఖరుసారి పిలుచుకు రమ్మని తమ్ముడు సదయ్యను పంపింది. మొదటి షిఫ్టు దిగి, మొహాన బొగ్గు మసితోనే వచ్చాడు సదయ్య.

"బావా, ఇంటికి రా. నువ్వొచ్చి ఒక్క మాట మాట్లాడితే అక్క ఆగుతది."

"వస్త తియ్యి. కూసో, చాయ్ తాగు," అని ఎల్లేశం, చాయ్ తాగుతూ కూర్చున్న మా వైపు తిరిగాడు.

"నేను లాంచి మీద ఉన్నప్పుడు మా ఇంటికి చుట్టాలొచ్చిన్రు, చెప్పిన్నా మీకు? చెప్పలే కద. పెద్ద ముచ్చటేం కాదు. ఇల్లంటే ఇల్లు కాదు, ఆ లాంచే. వండుడు ఆడనే, పండుడు ఆడనే, కిందికి దిగుదమంటే నేల యాడుంది, అంత నీళ్లే. ఆ నీళ్లు గూడ మన గోదారి లెక్క సల్లగుండయి, కాలు పెడితే సుర్రుమంటది. మా సేటు, 'ఎల్లేశం, నీ ఇంటోళ్లను పిలిపిచ్చుకో' అన్నడు. పిలిపిచ్చిన. మల్లక్క వచ్చింది, మా మామ వచ్చిండు, మా అత్త వచ్చింది. ఇమానం దిగంగ చూస్తే మా అత్త నెత్తి మీద బొగ్గు బస్తా!"

"దుబాయికి బొగ్గా?" అన్నాడు ఆగయ్య కాక. ఆయన గనిలో చేసి రిటైరయిన మనిషి.

"మరి! ఏందత్తా గిదంటే, 'అల్లుడా, గా దేశంల మన గని లెక్క కంపెనీ బొగ్గు ఇయ్యదట కద, పొయ్యి ఎట్ల ముట్టిస్తవు' అన్నది. పుట్టినకాడికెళ్లి కంపెనీ బొగ్గు మీద వండినామె, ఆమెకేమెరుక? సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా మామ రిటైరయి గనిలకెళ్లి బయటికొచ్చినా గని ఆయనలకెళ్లి బయటికి రాలే. గని కప్పు కూలకుండ కింద కట్టె దిమ్మలు నిలబెట్టే పని ఆయనది. కప్పు గట్టిదో కాదో మనం ఎట్ల చూస్తం? కట్టెతోటి కప్పును కొడ్తం, ఖంగుమంటే బేఫికర్, డొల్ల మోత వచ్చిందా ఉరుకుడే. లాంచి కింది అర్రల పండుకున్నోడు అలవాటు కొద్ది కట్టె తీసి పైన కొట్టిండు. లాంచి డొల్లగాక ఏముంటది? డబ్బుమన్నది. ఇగ లొల్లి! 'కప్పు కూలుతది, జల్ది దిమ్మలు నిలబెట్టు అల్లుడా!' అని."

"నిలబెట్టినవా అన్నా?" ఇస్మాయిల్ నవ్వాపుకుంటున్నాడు.

"మామ మాట తీస్తనా? లాంచి అడుగుకు బొక్కవెట్టి, దిమ్మ మీద దిమ్మ, దిమ్మ మీద దిమ్మ, సముద్రం అడుగుదాక దించినం. ఊగుడు బంద్! తుఫాను వస్తే చాయ్ గిలాస తొణకలే. పక్క లాంచిలోళ్లు పరుగు పరుగున వచ్చి మాకు తాళ్లు కట్టుకున్నరు."

"బొక్కవెడితే నీళ్లు రాలే?"

"మా మామ ఆడ నిలబడ్డంక నీళ్లకు ధైర్యముండాలె కద ఇస్మాయిలూ. ఇగ మా అత్త పొయ్యి ముట్టిచ్చింది. మన బొగ్గు సంగతి ఎరికే కద. ఒక్క కణిక ఎగిరి నీళ్లల్ల పడ్డది. ఆరుతదనుకున్న. ఆరలే! సముద్రమే ఉడుకవట్టె. చేపలు ఉడికి ఉడికి పైకి తేలినయి, ఉప్పు గూడ ఎయ్యలే, సముద్రంల ఉన్నదే సరిపాయె. ఆ వాసనకు షేకులు గిన్నెలు పట్టుకొని ఒడ్డు పొడుగూత లైను కట్టిన్రు!"

హోటలంతా ఘొల్లుమంది. సదయ్య ఒక్కడు నవ్వలేదు. "బావా, బస్సు టైమైతున్నది," అన్నాడు.

"ఆగురా. అసలు ముచ్చట గిప్పుడున్నది. మల్లక్క సంకల బిడ్డ గూడ వచ్చింది కద. నేను దుబాయి పోయిన్నాడు కడుపుల ఉండె. మొదలు చూసుడు ఆడనే. కొత్త మొహం, ముట్టుకుంటె ఏడుస్తదనుకున్న. ఏడ్వలే, నవ్వింది. కిందికి దించితే నడిచింది. ఈ కొసకెళ్లి ఆ కొసకు నడిచింది, లాంచి ఒడిసింది గని బిడ్డ ఆగలే, నీళ్ల మీదికి దిగింది! మునగలే కాక! ఉడుకు నీళ్లు, కాళ్లు కాలుతయని నేను ఎనుక ఉరుకుతున్న, అది నాకన్న ముందు ఉరుకుతుంది, అలలు పక్కకు జరిగి తొవ్వ ఇస్తున్నయి, 'బాపూ, నన్ను పట్టుకో' అని ఒకటే నవ్వు. ఎంత ఉరికినా అందుతలేదు..."

ఎవరూ నవ్వలేదు. ఇస్మాయిల్ కడిగిన గిలాసలనే మళ్లీ కడుగుతున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు ఎల్లేశం.

"నాకు తెలుసు బావా," అన్నాడు సదయ్య. "బిడ్డ నడవలే. నడిచే ఈడు రాకముందే జరమొచ్చింది. దవాఖానకు ఉరుకుతుంటే తొవ్వల నా చేతులల్లనే పోయింది. అక్క ఇమానం ఎక్కలే, సముద్రం చూడలే. సేటు నీ పాస్‌పోర్టు ఇయ్యలే, నువ్వు రాలేదు. గంతే బావా అయింది."

మాకందరికీ తెలిసిన సంగతే. అయినా సదయ్య మీద నాకు కోపమొచ్చింది. ఆ పిల్లను ఇంకాసేపు నడవనిస్తే ఇతని సొమ్మేం పోయింది అనిపించింది. ఎల్లేశం మాత్రం కోపం చేయలేదు. సదయ్య వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"పండ్లొచ్చినయారా బిడ్డకు?"

"రెండు. కిందియి. పాలు తాగుతా తాగుతా అక్కను కొరికేది," అన్నాడు సదయ్య. "నాకెరుకలేనియి ఇంకా శాన ఉన్నయి బావా. అక్కనడుగు, చెప్తది. నువ్వు అడుగుతవనే ఏడాది సంది చూస్తున్నది."

ఎల్లేశం బల్ల మీద చేతులానించి సగం లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

"ఆమె చెప్పిందంటే బిడ్డ నిజంగ పోయినట్టే కదరా, సదయ్యా," అన్నాడు.

సదయ్య అక్కను బస్సెక్కించడానికి ఒక్కడే వెళ్లిపోయాడు.