ఆవిడ ఇచ్చిన నోటు

విమానాశ్రయం సిబ్బంది గదిలో, బావమరిది పగిలిన పెదవికి దూది అద్దుతూ బావ పళ్ళు నూరుతున్నాడు. నడవలేని ప్రయాణికులను చక్రాల కుర్చీలో తోసే పని ఇద్దరిదీ.

"కదలకు. పన్ను కూడా ఊడిందిరా! ఎంతమంది పడ్డారు నీ మీద?"

"ఒక్కడే. ఇందాక నేను కుర్చీలో తోసిన ముసలావిడ కొడుకు. నా చేతిలో నోటు చూసి, వాళ్ళమ్మ పర్సులోంచి కొట్టేశానని కిందపడేసి బూటుకాలితో తన్నాడు."

"తీశావా?"

"ఛ! ఆవిడ కాళ్ళు సర్దడానికి వంగితే, 'టిప్పిస్తే మావాడు ఊరుకోడు, దాచుకో నాయనా' అని గుప్పిట్లో కుక్కింది."

"ఆ ముక్క వాడితో చెప్పి చావొచ్చుగా! ఇప్పుడు ఉద్యోగం పోతే మీ అక్క నా ప్రాణం తీస్తుంది. పద, వాడి గూబ పగలగొట్టి ఆవిడచేతే నిజం చెప్పిద్దాం."

"వద్దు బావా, నీకు దండం పెడతా."

"వాడంటే అంత భయమేంట్రా?"

"నోటిచ్చేటప్పుడు ఆవిడ స్వెట్టర్ చెయ్యి పైకి జరిగింది. మోచేతిదాకా కమిలిపోయి ఉంది. నేను నోరు విప్పితే మిగతా దెబ్బలు ఆవిడకే. ఆ చేతి మీద ఇంక చోటు లేదు బావా."