మూడో బెల్టు మీద వెలిగిన దీపం

ఉక్కునగరం గేటు బయట రహమాన్ టీ బడ్డీ. మధ్యాహ్నం మూడున్నర. ప్లాంటులో సీనియర్ ఎలక్ట్రీషియన్ తిరుమలరావు గ్లాసు పట్టుకున్నాడంటే టీ చల్లారిపోవాల్సిందే, మాట మాత్రం ఆగదు. పక్కన బొగ్గు, ఖనిజం మోసే కన్వేయర్ బెల్టుల మెకానిక్ కొండలరావు.

“నిన్నగాక మొన్నొచ్చిన ఆ ఇంజినీరు పిల్ల హిమబిందుకి శాలువా కప్పుతారంట బావా! దేనికి? బెల్టు వణుకులోంచి కరెంటు తీసిందంట. అది నా ఐడియా! అందుకే నాను సేసిన కరెంటు డబ్బా సూసి కాపీ కొట్టిందని పెద్దింజినీరుకి పొద్దున్నే లెటరిచ్చీసినాను. నాలుగింటికి రమ్మన్నారు. తేలిందంటే శాలువా నాకు, మెమో ఆ పిల్లకి.”

“అందులో అంత కష్టమేటుంది బావా?” అన్నాడు కొండలరావు.

“అలగడుగు! అయస్కాంతం, తీగచుట్టా పెట్టి బెల్టు ఫ్రేముకి కడితే వణుక్కి ఏసీ కరెంటు పుడతాది. అదీ పావు వోల్టు నేదు. డీసీ సెయ్యాలంటే, కరెంటుని ఒక్క వైపే పోనిచ్చే డయోడు కావాలి. ఆ డయోడు అర వోల్టు పైన తనే తినీస్తాది, ఇంక మనకేటి మిగుల్తాది? ఆ పిల్ల డయోడు మానీసి, ట్రాన్సిస్టర్ని గేటులాగ పెట్టి, కరెంటు ఇటొచ్చినప్పుడు తెరిచి, అటెల్లినప్పుడు మూసి, సదువుకున్నోళ్ల తిప్పలన్నీ పడింది. మరి నానేటి సేసేనో తెలుసా? డయోడుని గరుకు కాగితంతో అరగదీసీసినాను! సన్నబడిపోయింది, ఆకలి సచ్చిపోయింది. టక్కున ఎల్‌ఈడీ ఎలిగింది!”

“సన్నబడితే ఆకలి తగ్గుతుందా సాబ్?” రహమాన్ తన బొజ్జ వైపు చూసుకున్నాడు.

“నువ్వు టీ వడకట్టుకో. ఆ తర్వాత ఏటైందో తెలుసా? డబ్బా తెచ్చి మా మంచం కోడుకి కట్టేను. మా ఆవిడ మంగాయమ్మ అన్నం తినీసి కునుకు తీసింది. ఆ గురక్కి సీలింగు ఫేను ఐదు మీద పెట్టినట్టు తిరిగింది బావా! ఆవిడ అటు ఒత్తిగిల్లితే ఫేను కూడా అటే తిరిగింది! భీమిలి బస్సెక్కి డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను, రేకుల దడదడకి బస్సులో అందరి ఫోన్లూ ఫుల్లు సార్జింగు. కండక్టరు లేచి తన సీటు నాకిచ్చీసినాడు. మరి హిమబిందు ఎలిగించిందేటి? సీమ కన్నంత లైటు!”

“సరే, ఆపై?” అన్నాడు కొండలరావు.

“పోర్టుకెళ్లేను. బొగ్గు ఓడ ఇంజిను గడగడా వణుకుతంది. డబ్బా అంటించేను. రేవులో క్రేన్లన్నీ ఎలిగీసినాయి! ఓడ వణుకంతా నా డబ్బా లాగీసింది, ఓడ అంగుళం కదిల్తే ఒట్టు. కెప్టెను దిగొచ్చి నా సేతులు పట్టీసుకుని, ‘తిరుమలరావు గారూ, నా ఓడ వణుకు నాకిచ్చీండి’ అని ఏడిసేడు!”

“ఇచ్చీసినావా?”

“సగం ఇచ్చేను. మిగతా సగంతో గాజువాక మూడ్రోజులు నడిసింది.” తిరుమలరావు గొంతు అంతలోనే దిగిపోయింది. “ఇరవై రెండేళ్ల సర్వీసు బావా, ఒక్కడు నా పేరెత్తలేదు. నోటీసు బోర్డు మీద ఆ పిల్ల పేరు సూసిన కాడినుంచి ముద్ద దిగట్నేదు. కుళ్లే అనుకో, నాకేటి సిగ్గు?”

“మరి నీ డబ్బా ఎలగడం ఎవులైనా సూసేరా?”

“నానే సూసేను! మొన్న మంగళవారం, మూడో బెల్టు కాడ, పది నుంచి రెండు దాకా కన్నార్పకుండా ఎలిగింది. తేదీ, టైము, బెల్టు నంబరు, అన్నీ లెటర్లో రాసి సంతకం పెట్టీసినాను.”

కొండలరావు గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

“బావా, మంగళవారం ఆ టైముకి మూడో బెల్టు షట్‌డౌన్. రోలర్లు మార్సేం. మోటారు స్విచ్చికి తాళమేసి ట్యాగు కట్టింది నానే. రెండు దాకా బెల్టు కదల్నేదు, వణకనేదు. డబ్బా లోపల పెన్సిల్ సెల్లు పెట్టేవేటి?”

తిరుమలరావు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“ఈ మాట ఎవులికీ సెప్పకు బావా.”

“ఎలగ బావా? షట్‌డౌన్ రాసున్న ఆ రోజు లాగ్‌బుక్కు పట్టుకుని నాలుగింటికి నన్ను కూడా రమ్మన్నారు.”