గొర్రెగా రాసిన మేక

వన్నూరక్క అని ఒక కురుబామె ఉండెనంట, ఎర్రొంకపల్లెలో. మొగుడు పోయినాడు, కూతురు అత్తగారింట్లో ఉండాది. ఈమెకి మిగిలిందల్లా నూటిరవై నాలుగు గొర్లు, ఒక మేకపోతు. గొర్ల మందలో మేక ఎందుకంటావా? అదే చెప్తా, ఆత్రపడాకు. గొర్రె ముందు నడిచే జీవం కాదబ్బా. ముందర ఏదన్నా నడిస్తే దాని ఎనకాల తలకాయ దించుకోని పోతాది. అందుకని కురుబోళ్ళు మందకొక మేకని పెట్టుకుంటారు, దావ చూపించేకి. ఈమె మేకపోతు పేరు మేస్త్రి. ఇంత గడ్డం, ఇంతింత కొమ్ములు. అది కదిల్తే మంద కదుల్తాది, అది నిలబడితే మంద నిలబడతాది.

ఏమైందంటే, ఊరికీ నీళ్ళ వంకకీ నడమ ఉండే బీడులోకి ఎండ కంపెనీ వచ్చె. ఎండని పట్టి కరెంటు చేసే అద్దాల కంపెనీ అనుకో. చుట్టూ కంచె ఏసి, గేటు పెట్టి, గేటుకి బీగం ఏసిరి. గొర్లు నీళ్ళకి పోయే బాట లోపల చిక్కుకునె. ఇంగ వంకకి పోవల్లంటే కొండ చుట్టుకోని పోవల్ల. ఎండాకాలం అంత దూరం నడవలేక వారంలో నాలుగు గొర్రెపిల్లలు దావలోనే పడి సచ్చిపాయ. వన్నూరక్క కంపెనీ మానేజరు చక్రపాణి సారు కాడికి పోయి, సారూ మా బాట మాకియ్యండి అంటే, ఆయప్ప, భూమి మాకు గవర్నమెంటు ఇచ్చింది, వాళ్ళనడుగు అనె. గవర్నమెంటు అంటే ఎవురు? మండలంలో ఎమ్మార్వో సారు. ఆ సారు పటం పరిచి, ఏలు పెట్టి ఎతికి, ఈడ బాటే లేదు కదమ్మా అనె. లేకపోవడమేంది సారూ, మా తాతల కాలం నుంచి గొర్లు నడిచి నడిచి బండ మీద గాడి పడిండాది, వచ్చి సూడు అనె ఈమె. బండని సూసేది నా పని కాదమ్మా, కాగితంలో ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. ఏడు నెలలు తిరిగినాదంట పాపం. చెప్పులు అరిగినాయి గానీ కాగితంలో బాట పుట్టలేదు.

ఇంగ సూడు దేవుడి తమాషా. అద్దాల మీద దుమ్ము పడితే కరెంటు రాదని కంపెనీ వాళ్ళు నీళ్ళతో కడుగుతారు కదా, ఆ నీళ్ళకి, ఆ నీడకి, కింద గడ్డి లేచె. మోకాటెత్తు లేచె, నడుమెత్తు లేచె, అద్దాలనే కప్పేసె. మిషన్లు తెచ్చి కోయిస్తే రాళ్ళెగిరి అద్దాలు పగిలె. కంపెనీ పెద్దలు పట్నం నుంచి ఫోను చేసి, పరదేశాల్లో గొర్రెలతో మేపిస్తారంట, మనమూ మేపిద్దాం, శుక్రవారం పదకొండుకి వచ్చి ఫోటోలు తీసుకుంటాం అనిరి. కాగితం గూడ పంపిరి. దాంట్లో ఏముందంటే, గొర్రెలు మాత్రమే, మేకలు నిషేధం. మేకైతే అద్దాలెక్కుతాదంట, వైర్లు నములుతాదంట. అది నిజమేలే.

చక్రపాణి సారు వన్నూరక్క గుడిసెకాడికి నడుచుకుంటా వచ్చె. అమ్మా అమ్మా అనె. ఏడు నెలల్లో ఒక్కనాడన్నా అమ్మా అన్న నోరేనా అది? వస్తా గానీ మేస్త్రి లేందే నా గొర్లు అడుగెయ్యవు సారూ, మెడకి గుదిబండ కడతా, యాడికీ ఎక్కదు అని ఈమె చెప్తే, రూలు రూలే, మేక రాకూడదు అనె ఆయప్ప. సరే నీ ఇష్టం.

శుక్రవారం పొద్దున తొమ్మిదికి నూటిరవై గొర్లు గేటు ముందర. గేటు తెరిచిరి. గొర్లు నిలబడిండాయి. ఎనకనుంచి తోసిరి, నిలబడిండాయి. ముందర ఆకు చూపిరి, నిలబడిండాయి. వాచ్‌మెన్ వంగి ముందర నడిచె, దాంతో గొర్లు వాన్ని సూసి ఇంకో అడుగు ఎనక్కి పోయె. ఆఖరికి చక్రపాణి సారే, బూట్లేసుకోని, టై కట్టుకోని, మే మే అనుకుంటా గేట్లోకి పోయినాడంట. ఒక్క గొర్రె కదల్లే. దూరంగా చెట్టుకు కట్టేసిన మేస్త్రి మాత్రం తిరిగి మే అనె.

పది దాటె. సారుకి చెమటలు పట్టె. జీపు పంపించి ఎమ్మార్వోని పిలిపించె. మా కంపెనీ రూలు మార్చేకి నెల పడుతుంది, గవర్నమెంటు ముద్ర ఉంటే మావాళ్ళు నోరెత్తరు, మీరే ఏదన్నా దావ చూడండి అంటే, ఎమ్మార్వో జీపు బానెట్టు మీద కాగితం పెట్టి రాసె. వన్నూరక్క మందలో ఉన్న నూటిరవై ఒక్క జీవాలూ గొర్రెలుగా పరిగణించడమైనది. ముద్ర గుద్దె. ఇంగ ఓనరు ఏలిముద్ర ఒకటే తక్కువ. స్టాంపు ప్యాడు ముందరికి జరిపితే, వన్నూరక్క బొటనేలు కొంగులో దాచుకునె.

ఏస్తా సారూ, ముందు బాట రాయి అనె.

ఎమ్మార్వోకి కోపమొచ్చె. లేని బాటని ఎట్ల రాస్తాను, నా ఉద్యోగం ఉంటుందా అనె. అప్పుడీమె మేస్త్రిని చెట్టుకాడ ఇప్పి, గడ్డం పట్టుకోని సారు ముందరికి తెచ్చి, నిదానంగా అనిందంట. దీంట్లో గొర్రె ఉండెనా సారూ? నువ్వు రాస్తే వచ్చె. గడ్డం, కొమ్ములు పెట్టుకోని నీ కండ్ల ముందర నిలబడిన దాన్నే గొర్రె చేసినావు. నా బాట బండ మీద గాడి పడి ఉండాది. ఉన్నదాన్ని ఉందని రాసేకి నీ కలానికి ఏం నొప్పి? అది లేకే నా పిల్లలు నాలుగు సచ్చిపోయినాయి సారూ.

పదిన్నర దాటె. రాయండి సార్, మా పెద్దలు టోల్‌గేటు దాటినారంట అని చక్రపాణి సారే బతిమాలె. రాసె. పన్నెండడుగుల గొర్రెల బాట, గేటు నుంచి వంక దాకా, సర్కారు ముద్రతో, కంపెనీ సంతకంతో. వన్నూరక్క అది కొంగున ముడేసుకోని, అప్పుడు ఏలిముద్ర ఏసి, మేస్త్రి మెడకి గుదిబండ కట్టి వదిల్తే, అది దర్జాగా గేట్లోకి పాయ. దాని ఎనకాల నూటిరవై. వాటి ఎనకాల సార్లు.

ఫోటోలో వన్నూరక్క లేదులే. కంపెనీ పెద్దాయన మేస్త్రి మెడ మీద చెయ్యేసి నవ్వుతాండాడు, కింద 'మా గొర్రె నేస్తం' అని రాసిండాది, గేటు కాడ బోర్డు కట్టిరి. ఇప్పుడు ఆ బాటనే గొర్లు నీళ్ళకి పోతాండాయి. మొన్న జీవాల లెక్కకి వచ్చినోళ్ళు మేకలెన్ని అనడిగితే, వన్నూరక్క మంద కాడ మేకల్లేవని ఊరు ఊరంతా ఒక్క మాట చెప్పినాదంట. మేస్త్రి అప్పుడు ఆ రాసుకునేటోని సంచీ నములుతా ఉండె. వాడు దాన్ని సూసె, బోర్డు సూసె, గమ్మున గొర్రె అని రాసుకునె. మీరు గూడ ఎప్పుడన్నా ఆ పక్కకి పోతే దాన్ని మేక అనాకండి నాయనా. ఊరి బాట దాని గడ్డం పట్టుకోని నిలబడిండాది.